కొక్కెం తగిలించిన చెయ్యి

పోయిన వారం స్వర్ణను మొగపాళెం రేవులో, చేతిలో తాళంచెవి లేకుండా నిలబెట్టి వచ్చేశాం. ఏడు నెలలు కష్టపడి బాగుచేసుకున్న పాత మిలిటరీ జీపును ఆమె మొదటిసారి సొంత ఊరికి తెచ్చుకున్న రోజు అది. ఊరి పడవల్ని ఒడ్డెక్కించే ఒకే ఒక్క ట్రాక్టరు, అదే పొద్దున, వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర తడి ఇసుకలో ఇరుసుదాకా దిగబడింది. పోటు ఎక్కుతోంది. స్వర్ణ జీపును వెనక్కి తిప్పి నిలిపేలోగా, ఆమెకు పని నేర్పిన జకరయ్య మేస్త్రీ పక్క సీటులోంచి చెయ్యి చాపి తాళంచెవి లాక్కున్నాడు. ఈ బండి లాగదు అని చెప్పి కిందికి దిగాడు.

రేవులో నిలబడ్డవాళ్ళలో కొందరు నవ్వారు. చెంగయ్య కూతురు ఏడు నెలలు వెంకటాచలానికి బస్సులో పోయి వచ్చింది ఇందుకా అని ఒకావిడ తట్ట నెత్తిన పెట్టుకునే అన్నది.

నరేంద్రబాబు మాత్రం నవ్వలేదు. ట్రాక్టరు అతనిది. వెంకటాచలం పక్క పొలాలున్న కుటుంబం. దుక్కులూ కోతలూ లేని నెలల్లో ట్రాక్టరు రేవుకు తెచ్చి పడవలు లాగుతాడు. చేపల వేలం పాకలో పదిమంది ముందు, పాత ఇనుము పడవల్ని లాగుతుందా అని స్వర్ణ జీపును వెక్కిరించినవాడు అతనే. ఇప్పుడు ప్యాంటు మోకాళ్ళపైకి మడిచి, నీళ్ళలో నిలబడి, ట్రాక్టరు టైరు చుట్టూ చేతులతోనే ఇసుక తోడుతున్నాడు.

ఆ ట్రాక్టరు మునిగితే నష్టం అతనొక్కడిది కాదు. మొగపాళెంలో నలభై రెండు ఫైబరు పడవలున్నాయి. ఒక్కో పడవను అలల్లోంచి మెరక మీదికి చేర్చాలంటే పాతికమంది భుజాలు కావాలి. ఆ భుజాల్లో సగం ఇప్పుడు పోర్టు పనుల్లోనూ రొయ్యల గుంటల కాపలాలోనూ ఉన్నాయి. ట్రాక్టరు లేకపోతే రేపు తెల్లవారి వేటకు పోయే పడవలు ఎన్నో చెప్పడం కష్టం.

నరేంద్రబాబు నీళ్ళలోంచి లేచి వచ్చాడు. ఇంకో గంటన్నరలో ఇంజనులోకి ఉప్పునీళ్ళు పోతాయనీ, లాగేట్టుంటే లాగమనీ, లేదంటే ఇంకెవరినైనా పిలుచుకుంటాననీ అన్నాడు. అంటూనే ట్రాక్టరు వెనక పెట్టెలోంచి బొటనవేలంత లావు ఇనుప గొలుసు ఈడ్చుకొచ్చి జీపు దగ్గర పడేశాడు.

ఆ చప్పుడుకు జకరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

స్వర్ణ ఆ అడుగులు చూసింది. అరవై ఎనిమిదేళ్ళ ఆ మనిషి ఇంతకుముందు దేనికీ వెనకడుగు వేయడం ఆమె చూడలేదు. కాలుతున్న సైలెన్సర్‌ను తడిగుడ్డతో పట్టుకుని విప్పేవాడు. జాకీ జారి లారీ ఒరిగితే పక్కకు తప్పుకోకుండా చెక్కముక్క తోసినవాడు. ఆయన చెయ్యి పట్టుకుని, ఒడ్డున బోర్లించి ఉన్న పడవల వెనక్కి తీసుకుపోయింది.

"తాళం ఇయ్యి మేస్త్రీ" అన్నది.

"రోడ్డు మీద తిప్పుకోమన్నాను. లాగుడు వద్దన్నాను. ఎన్నిసార్లు చెప్పినాను నీకు?"

చెప్పిన మాట నిజమే. స్వర్ణ నెల్లూరు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, రెండేళ్ళు పంపుసెట్ల కొట్టులో పనిచేసి, తరవాత ఊళ్ళోనే పడవ ఇంజన్లు రిపేరు చేసుకుంటూ ఉండేది. ఒకరోజు పాత బేరింగు ఒకటి వెతుక్కుంటూ వెంకటాచలంలో హైవే పక్కనున్న జకరయ్య షెడ్డుకు పోయింది. షెడ్డు మూలలో తాటాకుల కింద ఈ జీపు కనబడింది. సీటులో ఎలుకలు పిల్లల్ని పెట్టి ఉన్నాయి. కింద రేకు తుప్పుపట్టి నేల కనిపిస్తోంది. ఇది నడుస్తుందా అని అడిగితే ఆయన చాలాసేపు ఆమె ముఖంలోకి చూసి, పేరేందని అడిగాడు. ఏ ఊరని అడిగాడు. ఆ తరవాత, బాగుచేసుకుంటే నీదే అన్నాడు. వయసు మీదపడిన మనిషి మంచితనం అనుకుంది స్వర్ణ.

అప్పటినుంచి వారానికి మూడు రోజులు పోయి పనిచేసింది. క్లచ్చు ప్లేట్లు మార్చింది. రేడియేటరుకు మాట్లు వేయించింది. బ్రేకు డ్రమ్ములు విప్పి, ఎక్కడెక్కడ అరిగాయో తెలుసుకుని, వైర్లన్నీ కొత్తగా వేసింది. జకరయ్య పక్కన పీట వేసుకుని కూర్చుని ప్రతిదీ చూపించాడు. ఒక్క పని మాత్రం చేయనివ్వలేదు. ఇంజను బలం ముందు చక్రాలకు అందించే షాఫ్టు ఆ జీపుకు లేదు. అది షెడ్డు వెనక గోడకు, గ్రీజు పూసి, గోనె చుట్టి వేలాడుతూ ఉండేది. ఎందుకు విప్పారని అడిగితే మాట మార్చేవాడు. పోయిన ఆదివారం ఆయన చర్చికి పోయిన సమయం చూసి స్వర్ణే దాన్ని దించి బిగించింది. తిరిగి వచ్చి, వంగి జీపు కిందికి చూసి, చెంబెడు నీళ్ళు తాగి లోపలికి పోయాడు జకరయ్య.

"ఫోర్ వీల్ బండి లాగకపోతే ఇంకేం చేస్తది మేస్త్రీ? ఆ షాఫ్టు ఎందుకు విప్పినావో ఈరోజన్నా చెప్పు."

జకరయ్య పడవ అంచు పట్టుకున్నాడు. "మీ నాయన భుజం ఎట్ల పోయింది?" అని అడిగాడు.

సునామీలో పడవ మీద పడి ఎముక విరిగిందని చెప్పింది స్వర్ణ. అప్పుడు తను చిన్నపిల్ల; ఇంట్లో అందరూ చెప్పింది అదే, ఊళ్ళో ఎవరూ ఆ సంగతి ఆమె ముందు ఎత్తలేదు. అమ్మ పిచ్చమ్మ చెప్పిందీ అదే.

"పడవ కాదు పాపా. ఈ జీపు."

ఆ తరవాత ఆయన ఆపకుండా చెప్పాడు. ఇరవయ్యేళ్ళు లోపలే పెట్టుకున్న మాట కాబట్టి వెతుక్కోవలసిన పని లేకపోయింది.

అల వచ్చి పోయిన మూడో రోజు జకరయ్య జీపు వేసుకుని మొగపాళెం వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఊరి పడవలన్నీ ఒడ్డు వెంట సర్వి చెట్ల తోటల్లోనూ, వాగు అవతలి బురదలోనూ చెల్లాచెదురుగా పడి ఉన్నాయని విని వచ్చాడు. నాలుగు రోజులు రేవులోనే పడుకుని పదిహేడు పడవల్ని లాగాడు. పద్దెనిమిదోది చెంగయ్యది. అది బురదలో ముక్కుదాకా కూరుకుని ఉంది. గొలుసు కట్టారు. వెనక నుంచి ఎవరో చెయ్యి ఊపారు. జకరయ్య క్లచ్చు వదిలాడు. జీపు ఒక్కసారి ముందుకు దూకింది. గొలుసు, కొక్కెంతో సహా, గాలిలో తిరిగి వచ్చి, పక్కనే నిలబడి ఉన్న చెంగయ్య ఎడమ భుజం మీద పడింది.

"ఇంకో జానెడు ఇవతలికి పడుంటే తల" అన్నాడు జకరయ్య. "ఇదే జీపులో నెల్లూరు ఆసుపత్రికి ఎత్తుకపోయినాను. తిరిగొచ్చేసరికి గొలుసు లేదు. ఎవరో కోపంకొద్దీ మొగలో పారేసినారు. తెగే గొలుసు తెచ్చినానని ఊరంతా అన్నారు. అబద్ధమేముండాది? గొలుసు నాది. చూసుకోవలసింది నేను."

ఆసుపత్రికి నెల రోజులు రోజూ పోయాడట. చెంగయ్య ఒక్కరోజు కూడా ఇటు తిరిగి చూడలేదు. గోడవైపే ముఖం పెట్టుకుని పడుకునేవాడు. ఎముక వంకరగా అతుక్కుంది. వల విసరలేని చెయ్యితో చెంగయ్య మళ్ళీ వేటకు పోలేదు. జకరయ్య జీపు ముందు షాఫ్టు విప్పేసి, పైన తాటాకులు కప్పేశాడు. ఆ తరవాత మొగపాళెం దారి తొక్కడం ఈరోజే.

ఈ మనిషి చేతికింద స్వర్ణ ఏడు నెలలు కూర్చుంది. ఆయన తెచ్చిపెట్టిన ఇడ్లీలు తింది. ఇంటికి పోయి, మేస్త్రీ అట్లా చెప్పాడు, మేస్త్రీ ఇట్లా చూపించాడు అని నాయన ముందు కథలు కథలుగా చెప్పింది. నాయన వల బాగుచేసుకుంటూ వినేవాడు. ఏ మేస్త్రీ అని ఒక్కసారీ అడగలేదు. ఈ పొద్దున జీపు ఇంటిముందు ఆగితే బయటికి రాలేదు.

"నేనెవరో నీకు మొదటిరోజే తెలుసు" అన్నది స్వర్ణ. "ఏడు నెలలు నా చేత నట్లు బిగింపించి ఇప్పుడు చెబుతుండావు."

"ఆ రోజే చెబుదామనుకున్నాను. నువ్వు స్పానర్ పట్టుకునే తీరు చూసి, రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు ఈరోజుకు వచ్చింది." జకరయ్య తాళంచెవి పిడికిట్లోనే ఉంచుకుని ఆమెవైపు చూశాడు. "మీ నాయన చెయ్యి తీసేసిన బండి అది. ఇంకొకరి చెయ్యి తియ్యనీను. నీ చెయ్యి అసలే తియ్యనీను."

పడవల సందుల్లోంచి మొగ కనిపిస్తోంది. ట్రాక్టరు ముందు చక్రాలు సగం మునిగాయి. ఒక్కో అల వచ్చి పోయినప్పుడల్లా బండి ఇంకాస్త పక్కకు ఒరుగుతోంది. నరేంద్రబాబు ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. అవతలివాళ్ళు రెండు గంటలకు ముందు రాలేమంటున్నట్టున్నారు.

కోపం స్వర్ణకు తగ్గలేదు. కానీ ఆ కోపంలోనే ఆమె బుర్ర, ఏడు నెలలుగా అలవాటైన దారిలో పనిచేసింది. పాడైన ఇంజను ముందు కూర్చున్నప్పుడు జకరయ్యే నేర్పిన దారి అది. ఏం జరిగిందని అడగవద్దు, ఎక్కడ జరిగిందో చూడమనేవాడు.

"ఆ రోజు కొక్కెం యాడ తగిలించినారో నువ్వు దిగి చూసినావా మేస్త్రీ?"

"లేదు. చెయ్యి ఊపినారు. వదిలేసినాను."

"సరే. ఈరోజు నేను దిగి చూస్తా."

ఆమె చెయ్యి చాపింది. మొండితనంతో కాదు. పనిముట్టు అందించమన్నప్పుడు చాపినట్టే చాపింది. జకరయ్య ఆ అరచెయ్యి వంక చూశాడు. గ్రీజు మరకలు గోళ్ళ కింద ఇంకిపోయిన చెయ్యి. తాళంచెవి అందులో పెట్టాడు. పెట్టి, గొలుసు ముట్టుకోవద్దన్నాడు. లంగరుకు వాడే నైలాన్ తాడు, కొత్తది, రెండు పేటలు వేసుకోమన్నాడు. తాడు మధ్యలో తడిగోనెలు వేయమన్నాడు. తాడు పొడవెంతో అంత దూరంలోపల ఒక్క మనిషి కూడా నిలబడకూడదన్నాడు. అన్నీ చెప్పి, తాను మాత్రం చూడలేనని, తువ్వాలు భుజాన వేసుకుని ఆటోలు ఆగే చోటికి నడిచిపోయాడు. స్వర్ణ పిలవలేదు. పిలవాలో వద్దో ఆమెకే తెలియలేదు.

తాడు చూసి నరేంద్రబాబు ఒప్పుకోలేదు. తాడు సాగిపోతుందనీ, గొలుసైతే ఒక్క ఊపుకు వస్తుందనీ వాదించాడు.

"సాగాలనే కదన్నా" అన్నది స్వర్ణ. "సాగేది తెగేముందు కనిపిస్తది. గొలుసు చెప్పిరాదు. నీ బండి, నీ ఇష్టం. కానీ నా జీపుకు గొలుసు కట్టను."

నరేంద్రబాబు వెనక్కి తిరిగి నీళ్ళు చూశాడు. గొలుసు పక్కకు తోశాడు.

ముందుగా ట్రాక్టరు వెనక ఇంకా కట్టి ఉన్న పడవను విడిపించారు. తరవాత స్వర్ణ పారలు తెప్పించి, నాలుగు చక్రాల ముందూ ఇసుక తోడించి, ఐసు పెట్టెల కింద వేసే చెక్కలు పెద్ద చక్రాల ముందు వాలుగా దూర్చింది. జీపు టైర్లలో గాలి సగానికి దించింది. గాలి తీస్తే బండి ఎట్లా లాగుతుందని ఒకాయన అడిగితే, వెడల్పాటి కాలు ఇసుకలో దిగదని చెప్పింది. ఆ తరవాత మోకాళ్ళ మీద కూర్చుని, తాడు కొస ట్రాక్టరు ముందు ఇరుసుకు ఎక్కడ చుట్టాలో వేళ్ళతో తడిమి, తుప్పులేని చోటు చూసుకుని, తానే కట్టింది. రెండో కొస జీపు వెనక ఛాసీ కొక్కేనికి తానే తగిలించింది. మళ్ళీ వెనక్కి వచ్చి మొదటి ముడి ఇంకోసారి చూసింది. గోనెలు నీళ్ళలో ముంచి తాడు మీద పరిచింది. జనాన్ని ఎడంగా జరిపింది. ఇదంతా అరగంటకు పైనే పట్టింది. ఆ అరగంట నరేంద్రబాబుకు ఎట్లా గడిచిందో అతనికే తెలియాలి.

జీపు ఎక్కి, చిన్న గేరు లివరు కిందికి లాగింది. ముందు చక్రాలకు బలం అందిన చప్పుడు కాళ్ళ కింద వినబడింది. క్లచ్చు కొంచెం కొంచెంగా వదిలింది. తాడు ఇసుకమీదనుంచి లేచింది, బిగిసింది, సన్నబడింది. నాలుగు చక్రాలూ తిరిగాయి. జీపు మూరెడు ముందుకు కదిలి ఆగిపోయింది. క్లచ్చు కాలిన వాసన వచ్చింది.

స్వర్ణ ఇంజను ఆపేసి దిగింది. మళ్ళీ పోయి ముడులు రెండూ చూసింది. ట్రాక్టరు ఎటు ఒరిగిందో చూసింది. నేరుగా లాగితే అది ఒరిగిన వైపు గుంటలోకే పోతుందని అర్థమైంది. జీపును కుడివైపు పది బారలు జరిపి, ఏటవాలుగా నిలిపింది. నరేంద్రబాబును ట్రాక్టరు ఎక్కి, తాను చెయ్యెత్తినప్పుడు మొదటి గేరులో నెమ్మదిగా వదలమంది. తొందరపడితే చక్రం ఇంకా తవ్వుకుపోతుందని చెప్పింది. అతను తలూపాడు. పోయిన నెల వెక్కిరించిన మనిషి ఇప్పుడు ఆమె చేతివంకే చూస్తూ కూర్చున్నాడు.

అల వచ్చింది. అది వెనక్కి పోయేదాకా స్వర్ణ ఆగింది. చెయ్యెత్తింది.

ఈసారి జీపు ఆగలేదు. పెద్ద చక్రం చెక్కమీదికి ఎక్కిన చప్పుడు వినబడింది, ఆ చెక్క విరిగిన చప్పుడూ వినబడింది. అప్పటికే రెండో చక్రం ఎక్కింది. బురదనీళ్ళు కారుస్తూ ట్రాక్టరు గుంటలోంచి పైకి వచ్చింది. మెరక ఇసుక తగిలేదాకా స్వర్ణ కాలు తీయలేదు. ఆగిన తరవాత ఇంజను ఆపి, చేతిబ్రేకు లాగింది.

ఆడవాళ్ళు ముందుగా వచ్చారు. తట్ట నెత్తిన పెట్టుకుని మాటన్న ఆవిడే జీపు బానెట్ మీద చెయ్యి వేసి, వేడికి తీసేసుకుని, దీనికి దిష్టి తియ్యాలి మా అన్నది. నరేంద్రబాబు ఇంజను ఆయిలు కడ్డీ తీసి చూశాడు. ఉప్పునీళ్ళు చేరలేదు. గొలుసు చుట్టచుట్టి పెట్టెలో వేసి, జీపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొగడ్త అతనికి చేతనయ్యే పని కాదు.

"రేపు పొద్దున ఉత్తరం పక్క పడవలు నువ్వు చూసుకో స్వర్ణమ్మా. దక్షిణం పక్కవి నేను చూసుకుంటా. పోటు రోజుల్లో ఇద్దరం ఒకచోటే ఉందాం" అన్నాడు.

ఊరి పడవల్లో సగం, ఇరవై ఒక్కటి. ఆ మాట వేలం పాకదాకా పోయి తిరిగి వచ్చేసరికి ముగ్గురు పడవలవాళ్ళు తమది ముందు లాగమని చెప్పుకుని పోయారు. మరొకప్పుడైతే స్వర్ణ ఎగిరి గంతేసేది. ఇప్పుడు సంతోషం వచ్చి పక్కన నిలబడి ఉంది కానీ లోపలికి రాలేకపోతోంది.

తాడు విప్పటానికి దిగినప్పుడు, జీపు వెనక ఇంకెవరో వంగి ఉండటం కనబడింది. చెంగయ్య. ఎప్పుడు వచ్చాడో తెలియదు. కుడిచేత్తో కొక్కెం పట్టుకుని, ఎటునుంచి ఎటు తగిలించి ఉందో చూస్తున్నాడు. ఎడమ భుజం, ఎప్పటిలాగే, కిందికి జారి ఉంది.

"ముడి ఎన్నిసార్లు చూసినావు?" అని అడిగాడు.

"నాలుగుసార్లు నాయనా."

చెంగయ్య తల ఊపాడు. జీపు చుట్టూ తిరిగి, పక్క సీటు రేకు మీద చెయ్యి ఆనించి, కష్టంమీద ఎక్కి కూర్చున్నాడు. జకరయ్యన్న దగ్గరికి పోదామన్నాడు.

స్వర్ణ తాడు చుట్టి వెనక వేసి, స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన తనకు అంతా చెప్పాడనీ, గొలుసు సంగతి తనకు తెలుసనీ, ఇప్పుడు పోయి పెద్దాయనతో గొడవపడి ప్రయోజనం లేదనీ మెల్లగా చెప్పింది. పొరపాటే గాని పాపం కాదన్నది. అది ఆ క్షణందాకా తనకు తానే చెప్పుకోలేని మాట.

"ఆయన చెప్పింది ఆయనకు తెలిసినంత" అన్నాడు చెంగయ్య. "గొలుసు తెగలేదు మా."

స్వర్ణ తాళం తిప్పబోయి ఆగింది.

"పడవ ముక్కున రెండు రింగులుండేవి. ఒకటి కొత్తది, బురద కింద ఉండింది. ఒకటి పాతది, తుప్పుపట్టింది, పైకే కనిపిస్తా ఉండింది. పెద్ద రింగుకే తగిలియ్యమని జకరయ్యన్న ముందే చెప్పిపోయినాడు. బురద తోడే ఓపిక లేకపోయింది నాకు. నాలుగు రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు. నా పడవ ఒక్కటే మిగిలిపోయిందని ఒకటే తొందర. పాత రింగుకే తగిలించి చెయ్యి ఊపినాను. ఆ చెయ్యి నాదే మా. రింగు ఊడొచ్చింది."

చెంగయ్య సముద్రంవైపే చూస్తూ చెప్పుకుపోయాడు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి ఊరంతా జకరయ్యనే అంటోంది. గొలుసును మొగలో పారేసి ఉన్నారు. కాదు, తప్పు నాది అనటానికి నోరు రాలేదు. అంటే తన మీద జాలిపడేవాళ్ళు ఉండరనిపించింది. భుజం పోయిన మనిషికి అదొక్కటే మిగిలిందనుకున్నాడు. ఆయన రోజూ వచ్చి మంచం పక్కన నిలబడేవాడు. ముఖం చూస్తే నిజం బయటికి వస్తుందని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఈరోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇరవయ్యేళ్ళు గడిచాయి.

"నువ్వు వచ్చి మేస్త్రీ మాటలు చెబుతుంటే వింటా ఉండేవాణ్ణి. ఆయన నీకు నేర్పుతుండాడంటే నన్ను క్షమించినట్టే అనుకున్నాను. ఆయన తనది తప్పనుకుని నేర్పినాడని ఇప్పుడు తెలస్తాంది. తీసకపో మా. నా నోటితో చెప్పాల."

స్వర్ణకు నాయన మీద కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ ఆ కోపం పక్కనే ఇంకేదో తేలికగా లేచింది. ఇద్దరు ముసలివాళ్ళు ఒకే బరువును రెండువైపులా పట్టుకుని, దించే దారి తెలియక ఇన్నేళ్ళు నిలబడ్డారు. ఒకరు దించితే రెండోవాళ్ళూ దించవచ్చు. టైర్లకు గాలి కొట్టుకుని, జీపు తిప్పింది. రొయ్యల గుంటల మధ్య మట్టిదారి పట్టింది.

గుంటల్లో రొయ్యలకు గాలి అందించే నీటి చక్రాలు తిరుగుతున్నాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. ఏం చెప్పాలో లోపల కూడబలుక్కుంటున్నట్టు చెంగయ్య పెదాలు కదులుతున్నాయి.

తారురోడ్డు ఎక్కేముందు ఫోను మోగింది. అబిగయీలు. జకరయ్య కూతురు, షెడ్డు ముందు వరండాలో మిషను కుట్టుకుంటూ ఉంటుంది. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే పిల్ల, ఇప్పుడు మాట మాటకూ ఊపిరి తీసుకుంటోంది.

"స్వర్ణక్కా, రేవులో ఏం జరిగింది? నాయన ఆటో దిగి వచ్చినాడు. వచ్చీ రాంగానే పాత ఇనుము కొనేవాళ్ళకు ఫోను చేసినాడు. వాళ్ళు ఎన్నాళ్ళనుంచో అడుగుతుండారు కదా. లారీ వచ్చేసింది. జాకీలు, వెల్డింగు మిషను, స్పానర్ల పెట్టెలు, అన్నీ ఎక్కిస్తుండాడు. ఇంక స్పానర్ ముట్టనంటాడు. ఇప్పుడు లేతు మిషనుకు తాళ్ళు కడతాండారు. నేను చెబితే వినడం లేదు."

ఎంతసేపట్లో అయిపోతుందని స్వర్ణ అడిగింది. అరగంట, మహా అయితే ముప్పావుగంట అని అబిగయీలు చెప్పింది. లారీ కదిలితే సామాను మళ్ళీ దొరకదని, నేరుగా కరిగించే చోటికే పోతుందని కూడా చెప్పింది. ఫోను ఆయనకు ఇమ్మంటే, ఎవరి ఫోనూ తీసుకోనని షెడ్డు లోపలికి పోయాడట.

వెంకటాచలం ఇంకా ముప్పై కిలోమీటర్లుంది. జీపు ఇంతవరకు నలభై దాటి పోలేదు. దాటించవద్దని, కొత్త బేరింగులు కుదురుకునేదాకా ఓపికపట్టమని చెప్పినవాడు జకరయ్యే.

ఫోనులో మాటలన్నీ చెంగయ్య విన్నాడు. కుడిచేత్తో ముందున్న కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఇది ఇంతకంటే జోరుగా పోదా మా?" అని అడిగాడు.

స్వర్ణ చివరి గేరు వేసి, కాలు కిందిదాకా నొక్కింది.